చక్రాల ఇల్లా, బిగించిన ఇల్లా?

(గుంటూరులో ఒక కాలనీ సంఘం సమావేశంలో స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు ఈ ఫ్యాను కిందికి రండి. ఇవాళ మనం మాట్లాడుకునే వాటిలో ఎండ సంగతి పెద్దది, ముందు మీరు చల్లగా కూర్చోండి.

సెక్రటరీ గారు నాకు ఇచ్చిన విషయం ఏమిటంటే, ట్రైలర్ మీద కట్టిన చిన్న ఇల్లు, అంటే బండికి తగిలించి లాక్కెళ్ళే ఇల్లు, అది తీసుకోవాలా? లేకపోతే ఫ్యాక్టరీలో తయారుచేసి మన స్థలంలో బిగించే ప్రీఫ్యాబ్ ఇల్లు తీసుకోవాలా? ఈ మధ్య ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. రిటైరై పొలం దగ్గర ఉందామనుకునే పెద్దవాళ్ళు అడుగుతున్నారు. సెంటో రెండు సెంట్లో స్థలం కొని, పిల్లర్లూ స్లాబూ వేసే డబ్బు కూడని కుర్రవాళ్ళు అడుగుతున్నారు. అందరూ ఫోన్లో ఏదో వీడియో చూపిస్తారు. తెల్లగా, ముద్దుగా, కొండ పక్కన, చుట్టూ పచ్చగా. ఎంతవుతుందండీ? ఎన్ని రోజుల్లో వస్తుందండీ?

నేను తిరిగి ఒకటే అడుగుతాను. ఆ ఇల్లు కదలాలా? నిజంగా కదలాలా? ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నేళ్ళకొకసారి? దీనికి జవాబు చెప్పగలిగితే సగం పని అయిపోతుంది. చాలామంది చెప్పలేరు. "ఏమో, అవసరం పడితే కదపొచ్చు కదా" అంటారు. ఆ "అవసరం పడితే" అన్న మాటకి మీరు ఎంత ఖర్చుపెడుతున్నారో, ఏమేం వదులుకుంటున్నారో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ఈ లాక్కెళ్ళే ఇల్లు ప్రచారంలోకి వచ్చింది అమెరికాలో. అక్కడ ప్రత్యేకంగా పర్మిట్ తీసుకోకుండా రోడ్డు మీద లాక్కెళ్ళాలంటే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. ఎత్తు చాలా రాష్ట్రాల్లో పదమూడున్నర అడుగులు. మీరు వీడియోల్లో చూసే ఇళ్ళన్నీ అంత సన్నగా, అంత పొడుగ్గా ఎందుకుంటాయి? అందం కోసమా? కాదు, రోడ్డు కోసం. మంచం అటక మీద ఎందుకుంటుంది? కింద చోటు లేదు కాబట్టి. రోడ్డు పెట్టిన కొలతకి మనిషి ఒదిగి బతకాలి. అక్కడ ఆ ఇంటిని లాగడానికి నాలుగైదు టన్నులు లాగగలిగే పికప్ ట్రక్కులు ఇళ్ళ ముందే ఉంటాయి. మన కార్లు ఆ పనికి చేసినవి కావు. మన దగ్గరా మోటారు వాహనాల నిబంధనల్లో వెడల్పు 2.6 మీటర్లే, అంటే అదే ఎనిమిదిన్నర అడుగులు.

ఇంకో సంగతి. అమెరికాలోనే ఫ్యాక్టరీలో ఉక్కు చాసీ మీద కట్టే ఇళ్ళు వేరే ఉన్నాయి, మాన్యుఫాక్చర్డ్ హోమ్స్ అంటారు. వాటికి 1976 నుంచి కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలు ఉన్నాయి. చాసీ ఉంటుంది, చక్రాలతో వస్తాయి, స్థలంలో దిగుతాయి. ఆ తర్వాత? చాలావరకు మళ్ళీ కదలవు. 2018లో వాళ్ళ నివాస భవనాల మోడల్ కోడ్‌లో, అంటే నమూనా నిబంధనల్లో, చిన్న ఇళ్ళ కోసం ఒక అనుబంధం పెట్టారు, 400 చదరపు అడుగుల లోపు ఇళ్ళకి. అది కూడా పునాది మీద నిలిచిన ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసిందే. అంటే అంత రోడ్లు, అంత ట్రక్కులు ఉన్న దేశంలో కూడా ఇల్లు చివరికి నేల మీద కూర్చుంటోంది.

2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు ఇళ్ళు పోయినవాళ్ళకి అక్కడి ప్రభుత్వం వేల సంఖ్యలో ట్రైలర్లు ఇచ్చింది. చాలామంది నెలల తరబడి, కొందరు ఏళ్ళ తరబడి వాటిలోనే ఉన్నారు. కళ్ళు మంటలు, గొంతు నొప్పి, ఊపిరి ఆడకపోవడం అని ఫిర్యాదులొచ్చాయి. పరీక్ష చేస్తే గాలిలో ఫార్మాల్డిహైడ్ ఎక్కువగా ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చింది? ప్లైవుడ్, పార్టికల్ బోర్డు అతికించే జిగురులోంచి. వేడి పెరిగేకొద్దీ అది ఇంకా ఎక్కువ బయటికి వస్తుంది. మన మే నెల ఎండలో, కిటికీలు మూసి, చిన్న గదిలో! కాబట్టి మీరు ఏ ఇల్లు తీసుకున్నా సరే, లోపలి బోర్డు ఏ గ్రేడుదో, అంటే ఫార్మాల్డిహైడ్ ఎంత తక్కువ వదిలేదో, కాగితం మీద రాయించుకోండి. ఎదురెదురు కిటికీలు ఉండాల్సిందే. ఆ కత్రినా తర్వాతే అక్కడి ఆర్కిటెక్టులు ట్రైలర్లకు బదులు దాదాపు 300 చదరపు అడుగుల చిన్న కాటేజీని గీశారు. ముందు వసారా, గాలి తగిలే గది, నేల మీద స్థిరంగా నిలిచే ఇల్లు. మనిషి గౌరవంగా బతకడానికి విశాలమైన ఇల్లే ఉండాలని లేదు, కానీ వసారా కావాలి, గాలి కావాలి. నేను ఇది మనసారా నమ్ముతాను.

సరే, మన ఊరికి వద్దాం. మొదట స్థలం. సెంటు అంటే 435 చదరపు అడుగుల చిల్లర, 48 గజాల పైన. చక్రాల ఇల్లు ఇరవై అడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉంటే 160 చదరపు అడుగులే, సెంటులో బ్రహ్మాండంగా పడుతుంది కదా అంటారు. పడుతుంది. లోపలికి ఎలా వస్తుంది? ట్రైలర్‌కి మలుపు తిరిగే జాగా కావాలి. పన్నెండు అడుగుల సందులో, ఒక పక్క కరెంటు స్తంభం, ఇంకో పక్క డ్రైనేజీ కాలువ, మధ్యలో ఎవరిదో స్కూటర్. మన మూడు వంతెనల కింద ఎంత ఎత్తు బండి పడుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. ప్రీఫ్యాబ్ ఇల్లు ప్యానెళ్ళుగా విడదీసి తెస్తే చిన్న లారీలో వస్తుంది, నలుగురు మనుషులు చేతుల మీద లోపలికి మోస్తారు. ఇరుకు సందుల్లో ఈ ఒక్క కారణం చాలు. గదికి గది మొత్తంగా తెచ్చే రకమైతే క్రేన్ కావాలి, క్రేన్ కాళ్ళు చాపుకునే చోటు కావాలి, పైన వైర్లు ఉండకూడదు. మెయిన్ రోడ్డు నుంచి మీ స్థలం దాకా టేపు పట్టుకుని ఒకసారి నడవండి. అడ్వాన్సు ఇవ్వకముందే నడవండి.

ఇక కాగితాలు. "చక్రాలుంటే ప్లాన్ అప్రూవల్ అక్కర్లేదటగా" అని చాలామంది అడుగుతారు. చట్టం చూపులో, రోడ్డు మీద ఇంకో బండి లాగేది ఏదైనా ట్రైలరే. దానికి రిజిస్ట్రేషన్ కావాలి, నంబరు కావాలి, ఇన్సూరెన్సు కావాలి. మరి దాన్ని స్థలంలో నిలబెట్టి, సెప్టిక్ ట్యాంకుకి పైపు కలిపి, కరెంటు మీటరు అడిగి, అందులో కాపురం ఉంటే, మున్సిపాలిటీవాళ్ళు వచ్చి ఇది బండేలే అని వెళ్ళిపోతారని మీరు నమ్మొద్దు. ఆ నమ్మకం మీద లక్షలు పెట్టొద్దు. బ్యాంకు సంగతీ అంతే. గృహరుణం ఇచ్చేటప్పుడు బ్యాంకు చూసేది స్థలం దస్తావేజు, మంజూరైన ప్లాను. చక్రాల ఇంటికి మంజూరైన ప్లాను చూపించలేరు. ప్రీఫ్యాబ్‌కి చూపించొచ్చు, కానీ ఇక్కడా ఒక మాట: కొన్ని బ్రాంచీల్లో ప్రీఫ్యాబ్ అనగానే ఆలోచిస్తారు. మేనేజరు గారితో ముందు మాట్లాడి, ఆ తర్వాతే తయారీదారుడికి డబ్బు కట్టండి.

ఇప్పుడు నేల. ఇది నా సొంత సబ్జెక్టు, కొంచెం ఓపిక పట్టండి. గుంటూరు చుట్టుపక్కల మనకున్నది చాలాచోట్ల నల్లరేగడి. మిరపకీ పత్తికీ బంగారం లాంటి నేల, ఇంటికి మాత్రం కష్టం. వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఎంతోమంది నాతో అనే మాట ఏమిటంటే, "ప్రీఫ్యాబ్ తేలిక కదండీ, దానికి పునాది ఎందుకు, నాలుగు రాళ్ళు పెడితే చాలదా?" సరిగ్గా తిరగబడిన ఆలోచన ఇది. బరువైన ఇల్లు ఉబ్బే నేలని కొంత అణిచి పడుతుంది. తేలిక ఇంటికి ఆ బలం లేదు. నేల ఉబ్బితే దాన్ని పైకి లేపుతుంది, అదీ ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ. అప్పుడు తలుపు పట్టదు, ప్యానెళ్ళ అతుకులు విడతాయి, వాన లోపలికి వస్తుంది. తేలిక ఇంటికి పునాది ఖర్చు తక్కువ కావచ్చు, కానీ పునాది మీద శ్రద్ధ ఎక్కువ కావాలి.

దీనికి మందు మన దేశంలోనే ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవాళ్ళు అండర్ రీమ్డ్ పైల్ అనేదాన్ని అభివృద్ధి చేశారు. సన్నటి గుండ్రటి గొయ్యి తవ్వి, అడుగున దాన్ని గుండ్రంగా వెడల్పు చేస్తారు. ఆ ఉబ్బు భాగం పైల్ వ్యాసానికి రెండున్నర రెట్లు ఉంటుంది. సాధారణంగా మూడున్నర మీటర్ల లోతుకి వెళ్తారు, ఎందుకంటే వానకీ ఎండకీ నేల కదిలేది ఎక్కువగా ఆ పైభాగంలోనే. పైన నేల ఉబ్బి లాగినా అడుగున ఆ ఉబ్బు పట్టుకుంటుంది. చిన్న ప్రీఫ్యాబ్‌కి మూలలకీ మధ్యలకీ ఇలాంటివి కొన్ని వేసి, వాటిని బీములతో కలిపి, బీము కింద నేలకి తగలకుండా కాస్త ఖాళీ వదిలితే, ఇల్లు నిలుస్తుంది. చక్రాల ఇంటికైనా ఇదే బాధ, ఇంకా ఎక్కువ. జూలైలో రేగడిలో ట్రైలర్ చక్రం దిగితే ట్రాక్టరుకి కూడా లొంగదు. జాకీలు పెట్టి లెవెల్ చేసినా, వాన పడిన ప్రతిసారీ మళ్ళీ చూసుకోవాలి. కంకర పరచి కాంక్రీటు పలక వేయకుండా కుదరదు. పలక వేశాక, మరి చక్రాలు ఎందుకు?

గాలి. 1977 నవంబరు 19 ఉప్పెన ఇక్కడ ఉన్న పెద్దవాళ్ళకి గుర్తే ఉంటుంది. మొన్న 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. మన దేశపు భవన నిర్మాణ కోడు ప్రకారం విజయవాడకి లెక్కలో తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గోడ మీద చదరపు మీటరుకి దాదాపు 150 కేజీల తోపు పడుతుంది. ఇరవై అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న చక్రాల ఇల్లు తీసుకోండి, పక్క గోడ 18 చదరపు మీటర్లు. అంటే దాదాపు 2,700 కేజీలు. చక్రాల మీద ఉంది కాబట్టి ఆ తోపు నేల నుంచి సుమారు ఏడడుగుల ఎత్తులో పనిచేస్తుంది. ఇంటి బరువు 4 టన్నులు అనుకుందాం, అది తన వెడల్పులో సగం, నాలుగడుగుల దూరం నుంచి ఎదురు పడుతుంది. 2,700ని 7తో గుణించండి, 4,000ని 4తో గుణించండి. ఏది ఎక్కువ? 18,900, 16,000. గాలే గెలిచింది. పడిపోతుంది.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. అంత గాలి ప్రతి ఏటా రాదు. గంటకి వంద కిలోమీటర్ల గాలికి తోపు ఇందులో మూడో వంతు కన్నా తక్కువే, ఎందుకంటే వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు అవుతుంది, సగమైతే నాలుగో వంతుకి పడుతుంది. కానీ నేలకి గొలుసులతో, నట్టు బోల్టులతో కట్టని చక్రాల ఇంట్లో తుపాను రాత్రి ఎవరూ పడుకోకూడదు. ప్రీఫ్యాబ్ కూడా తేలికే, దానికీ ఇదే లెక్క. తేడా ఏమిటంటే దాన్ని పునాదిలోంచి వచ్చిన బోల్టులకి బిగిస్తాం, ఎత్తు తక్కువ ఉంటుంది, వెడల్పు ఎక్కువ పెట్టుకోవచ్చు. బోల్టులు ఎన్ని, ఎంత లోతు అన్నది డ్రాయింగులో చూపించమనండి. రేకుకి పెట్టే స్క్రూలు చాలామంది చూడరు, గాలి మొదట పట్టేది పైకప్పు అంచునే. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా ఉండాలి.

నీళ్ళు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వెళ్ళినప్పుడు, విజయవాడ నుంచి ఒకాయన నన్ను అడిగారు. "చక్రాల మీద ఇల్లుంటే లాక్కుపోయేవాళ్ళం కదండీ?" ఆ బాధలోంచి వచ్చిన ప్రశ్న అది, తేలిగ్గా తీసుకోలేదు. కానీ ఆలోచించండి. నీళ్ళు వచ్చింది తెల్లవారేలోపు. లాగే బండి ఎక్కడ ఉంటుంది? డ్రైవరు ఎక్కడ ఉంటాడు? అందరూ పిల్లల్ని ఎత్తుకుని నడిచి వెళ్ళిన రోడ్డు మీద ఇరవై అడుగుల ఇల్లు ఎలా వెళ్తుంది? ఇంకోటి, 160 చదరపు అడుగులంటే దాదాపు 15 చదరపు మీటర్లు. ఇంటి అడుగుభాగం నీళ్ళలో పది సెంటీమీటర్లు మునిగితే ఒకటిన్నర టన్నుల బరువుని నీళ్ళే మోస్తాయి. 4 టన్నుల ఇల్లు, గట్టిగా మూసి ఉంటే, అడుగు లోతు కూడా మునగకముందే మూత పెట్టిన బిందెలా తేలుతుంది. తేలితే ఎటు వెళ్తుందో ఎవరు చెప్పాలి?

అందుకని, బుడమేరు పక్కనగానీ, కొండవీటి వాగు పల్లంలోగానీ స్థలం ఉన్నవాళ్ళు మొదట ప్లింత్ ఎత్తు, అంటే నేల నుంచి ఇంటి గచ్చు ఎంత ఎత్తులో ఉండాలో, చూసుకోండి. 2024 వరద గుర్తు గోడల మీద ఇంకా ఉంటుంది, పక్కింటివాళ్ళని అడిగితే చూపిస్తారు. దానికి పైన పెట్టండి. ప్రీఫ్యాబ్ తీసుకుంటే కింద నాలుగడుగుల వరకు లోపల జిప్సం బోర్డు వద్దు, ఫైబర్ సిమెంట్ బోర్డు వేయించండి. జిప్సం ఒకసారి నానితే తీసి పారేయాల్సిందే. గోడల అడుగున ఉండే ఉక్కు ట్రాకులో బురద నిలుస్తుంది, నీళ్ళు పోవడానికి రంధ్రాలు ఉండాలి. ఈ మాట అడిగితే అమ్మేవాళ్ళు మిమ్మల్ని విచిత్రంగా చూస్తారు. ఫర్వాలేదు, అడగండి.

ఇప్పుడు ఎండ. ఇంతసేపూ దీని కోసమే ఆగాను. 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్, అంటే రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలక, వేడి లోపలికి రాకుండా ఆపడంలో తొమ్మిదంగుళాల ఇటుక గోడ కన్నా చాలా రెట్లు మెరుగు. ఇది నిజం, అమ్మేవాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. కానీ వాళ్ళు చెప్పనిది ఒకటుంది. ఇటుక గోడ, స్లాబు వేడిని మెల్లగా తాగి మెల్లగా వదులుతాయి. పఫ్ ప్యానెల్ దేన్నీ దాచుకోదు. ఏసీ వేస్తే పది నిమిషాల్లో చల్లబడుతుంది. కరెంటు పోతే? కిటికీ అద్దంలోంచి, పైకప్పు అతుకులోంచి వచ్చిన వేడి, పొయ్యి వేడి, మనుషుల వేడి, అంతా ఆ చిన్న గదిలోనే తిరుగుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి గంటసేపు కరెంటు పోతే, అరవై ఐదేళ్ళ మనిషి ఆ గదిలో ఎలా ఉంటాడు? నాకు ఇదే టెన్షన్. వడదెబ్బ అంటే మన జిల్లాల్లో వార్త కాదు, ఏటా ప్రాణాలు పోతున్నాయి.

కాబట్టి తేలిక గోడల ఇంటికి నీడ ఉండితీరాలి. పైన ఇంకో రేకు, మధ్యలో గాలి ఆడేలా అడుగు ఖాళీ. పడమర గోడకి వసారా. కిటికీలకి రెండడుగుల సజ్జా. దగ్గర్లో ఒక వేపచెట్టు. ఇప్పుడు చెప్పండి, వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటకూడని ఇంటికి సజ్జా ఎక్కడ పెడతారు? పెడితే రోడ్డు మీదకి వెళ్ళదు, తీస్తే ఎండ తగులుతుంది. మడిచే పందిళ్ళు ఉన్నాయి, గాలికి చిరుగుతాయి. ఇక ఆ అటక మీద మంచం. వేడి గాలి ఎక్కడికి చేరుతుంది? పైకే కదా. మే నెలలో ఆ అటక మీద పడుకోమని నేను ఎవరికీ చెప్పలేను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ నిచ్చెన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

లోపలి కాపురం గురించి రెండు మాటలే. ఏడాదికి సరిపడా ఆవకాయ జాడీలు, బియ్యం బస్తా, పండక్కి వచ్చే కూతురూ అల్లుడూ, ఇద్దరు మనవలు. గ్యాస్ సిలిండరు ఇంటి బయట గూడులో ఉండాలి, ఇంత చిన్న మూసిన గదిలో లోపల పెట్టనే కూడదు. ఇవి మీకు నేను చెప్పేవి కావు.

ప్రీఫ్యాబ్ అంటే ఒకటే రకం కాదు. సన్నటి ఉక్కు చట్రం కట్టి రెండువైపులా బోర్డులు వేసేది ఒకటి. శాండ్‌విచ్ ప్యానెళ్ళది ఒకటి. కాంక్రీటు ముక్కలు ఫ్యాక్టరీలో పోసి తెచ్చేది ఒకటి. కేంద్ర ప్రభుత్వం లైట్ హౌస్ ప్రాజెక్టులని 2021లో ఆరు ఊళ్ళలో ఆరు పద్ధతులతో మొదలుపెట్టింది. చెన్నైలో 1,152 ఇళ్ళు ప్రీకాస్ట్ కాంక్రీటుతో కట్టారు, ఇండోర్‌లో శాండ్‌విచ్ ప్యానెళ్ళు, అగర్తలలో సన్న ఉక్కు చట్రం. చెన్నై మనకి ఒక రాత్రి ప్రయాణం, వాతావరణం మన లాంటిదే. వీలైతే వెళ్ళి అక్కడ ఉంటున్నవాళ్ళతో మాట్లాడండి. మన టిడ్కో ఇళ్ళు ప్రీఫ్యాబ్ అనుకుంటారు కొందరు, కాదు. అవి స్థలంలోనే అచ్చులు పెట్టి పోసిన కాంక్రీటు గోడల ఇళ్ళు.

ప్యానెల్ లోపల ఏముందో తప్పకుండా అడగాలి. థర్మోకోల్ అయితే చవక, కానీ నిప్పు తగిలితే కరిగి, మండి, నల్లటి పొగ వస్తుంది. రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి తీసిన పీచు, మండదు, కానీ నీళ్ళు తాగకుండా చూసుకోవాలి. వంటగది గోడకైనా రాక్‌వూల్ పెట్టించండి, వైర్లన్నీ పైపుల్లో వెళ్ళాలి. షిప్పింగ్ కంటైనరు ఇల్లు అనేవాళ్ళకి ఒక హెచ్చరిక. దాని బలమంతా నాలుగు మూల స్తంభాల్లోనూ, ఆ ముడతల గోడల్లోనూ ఉంటుంది. కిటికీల కోసం గోడలు ఇష్టమొచ్చినట్టు కోస్తే చుట్టూ ఉక్కు చట్రం పెట్టాలి, కోసిన అంచులకి తుప్పు మందు వేయాలి.

డబ్బు దగ్గర ఒకటి గమనించండి. అడుగుకి ఇంత అని చెప్పే రేటు మీద 18 శాతం జీఎస్టీ ఉందా, రవాణా ఉందా, క్రేను ఉందా, పునాది ఉందా, సెప్టిక్ ట్యాంకు, సంపు, కరెంటు లైను ఉన్నాయా? చాలా కొటేషన్లలో ఉండవు. చిన్న ఇంటికి అడుగు రేటు ఎక్కువ ఎందుకు పడుతుందో కూడా అర్థం చేసుకోవాలి. ఖరీదైన భాగాలు వంటిల్లు, బాత్రూమ్. ఇల్లు 160 అడుగులైనా 500 అడుగులైనా అవి ఒక్కొక్కటే. అదనపు గదికి అయ్యే ఖర్చు మీరు అనుకున్నదాని కన్నా తక్కువ. చక్రాల ఇంట్లో ఆ గదికి వీలే లేదు.

మరి నా అభిప్రాయం ఏమిటి? సొంత స్థలం, స్పష్టమైన దస్తావేజు ఉన్నవాళ్ళు పునాదికి బిగించిన ప్రీఫ్యాబ్‌కే వెళ్ళండి. కదిలే అవసరం నిజంగా ఉన్నవాళ్ళు, అంటే కౌలు పొలం, లీజు స్థలం, ఇల్లు కట్టుకునేదాకా తాత్కాలికంగా ఉండేవాళ్ళు, వాళ్ళకి కూడా నేను చక్రాలు చెప్పను. అమరావతి పనుల దగ్గర కాంట్రాక్టర్ల సైట్ ఆఫీసులు చూశారా? పోర్టబుల్ క్యాబిన్లు అంటారు. కింద రెండు ఉక్కు దూలాలు, నాలుగు మూలలా కొక్కేలు. హైడ్రా క్రేను వచ్చి ఎత్తి లారీ మీద పెడుతుంది, లారీ వెళ్ళిపోతుంది. ఐదేళ్ళకి ఒకసారి కదిలే ఇంటికి యాక్సిలూ టైర్లూ బ్రేకులూ రిజిస్ట్రేషనూ మీరు ఐదేళ్ళూ ఎందుకు పోషించాలి? ఎండలో నిలబడ్డ టైరు తిరక్కపోయినా పగుళ్ళిస్తుంది. కొక్కేలు చాలు. నెలకో ఊరు తిరిగే పని, మొబైల్ క్లినిక్ లాంటిది, ఉంటేనే చక్రాలు.

ప్రశ్నలు

ఇక్కడ అన్న అడుగుతున్నారు, మన విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళ చేత చేయించుకోవచ్చా అని. పనితనంలో వాళ్ళకి సాటి లేరు, చట్రం వెల్డింగ్ నేను కళ్ళు మూసుకుని ఇస్తాను. కానీ లారీ బాడీలో మనిషి కాపురం ఉండడు. వేడి, నీటి అతుకులు, కరెంటు ఎర్తింగ్, వీటికి డ్రాయింగు వేరే ఇంజనీరు దగ్గర చేయించి వాళ్ళ చేతిలో పెట్టండి. అప్పుడు మంచి పోర్టబుల్ ఇల్లు వస్తుంది, బయట కొనేదానికన్నా గట్టిది.

వాస్తు అడిగారమ్మా. తలుపు ఏ దిక్కుకి పెట్టుకుంటారో మీ ఇష్టం, ప్రీఫ్యాబ్‌లో అది డ్రాయింగు దశలో తేలిగ్గా మారుతుంది, ఫ్యాక్టరీలో కోశాక మారదు. నేను మాత్రం పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకి, పొట్టి గోడలు తూర్పు పడమరలకి ఉంచమంటాను. పడమటెండ తక్కువ తగులుతుంది.

చివరిది, బాబాయి గారు అడుగుతున్నారు. తాడికొండ వైపు ఐదేళ్ళ కౌలు పొలం, భార్యాభర్తలిద్దరే, సాయంత్రానికి గుంటూరు తిరిగి రాలేని రోజులు ఎక్కువ. మీకు ఇరవై అడుగుల క్యాబిన్ ఒకటి, పైన రెండో రేకు, పడమరవైపు పందిరి, అటక వద్దు. నల్లరేగడి కాబట్టి కింద కంకర, దాని మీద కాంక్రీటు దిమ్మెలు నాలుగు కాదు ఆరు, దిమ్మెకీ దూలానికీ మధ్య లెవెల్ సరిచేసుకునే బోల్టు, గాలికి పట్టే గొలుసు. పొలం యజమానితో ఒప్పందంలో, క్యాబిన్ మీదేనని, గడువు అయ్యాక తీసుకెళ్తారని ఒక వాక్యం రాయించుకోండి. ఇల్లు పెట్టే చోటికి డొంకలోంచి లారీ వస్తుందా, వానాకాలంలో కూడా వస్తుందా అన్నది చూశారా? చూడలేదు కదా. ఈ ఆదివారం వెళ్ళి కొలిచి, ఆ కాగితం నాకు తెచ్చి ఇవ్వండి, కొటేషన్ అడిగే ముందు ఇద్దరం కూర్చుని చూద్దాం.